నకిలీ గడియారం

వార్డో రేవులో సూర్యుడు కనబడక ఇవాళ్టికి ఆరు రోజులు.
మధ్యాహ్నం రెండింటికి కూడా కిటికీ అద్దంలో
నా ముఖమే, దాని పక్కన నా తెర.

నేను రాస్తున్నది పొగమంచు బూరకి ప్రోగ్రాము.
మంచు దిగిందని సెన్సరు చెప్పగానే తొందరపడకూడదు,
తొంభై సెకన్లు ఆ మాట మీద నిలబడితేనే నమ్మాలి.
నమ్మాక ముప్పై సెకన్లకోసారి
సముద్రం మీదికి ఒక పెద్ద రంకె.
మంచు విడిపోయిందన్నాక కూడా
ఇంకో పది నిమిషాలు అనుమానంగా మోగుతూనే ఉండాలి.

మొదట్లో దీన్ని పరీక్షించడమంటే ఎదురుచూడటమే.
ప్రతి పరీక్షలో 'కాసేపు ఆగు' అని ఒక వరస రాసి
కాఫీకి లేచేదాన్ని.
రెండొందల పన్నెండు పరీక్షలు,
రెండొందల పన్నెండు కాసేపులు.
నిన్న పాసైనది ఇవాళ ఫెయిలయ్యేది,
నేను ఒక్క కామా కూడా కదపకుండానే.

అందుకే ఈ నకిలీ గడియారం.
షెడ్యూలరంటే ఒక గుమాస్తా,
ఏ పని ఏ వేళకో చీటీలు రాసి దొంతర పెట్టుకుంటాడు.
అసలాయన్ని కాసేపు వసారాలో కూర్చోబెట్టి
అదే కుర్చీలో, అవే కళ్ళద్దాలతో
మన మనిషిని పెడతాం.
ఇతనికి గోడ గడియారం కనబడదు.
నేను "తొంభై" అనేదాకా
అతని సముద్రంలో ఒక్క అల విరగదు.
అన్నానా, తొంభై సెకన్లూ ఒక్క అంగలో దాటేస్తాడు,
దారిలో ఏ చీటీనీ తొక్కకుండా.

రాత్రిని ముందే కాగితం మీద గీసుకుంటాను:

------మ--------------వి----|

గీతలు కాలం. మ అంటే మంచు, వి అంటే విడిపోయింది.
నిలువు గీత దగ్గర అందరూ ఇళ్ళకి పోవచ్చు.

ఐలిఫ్ వచ్చాడు, భుజాల మీద తడి దులుపుకుంటూ.
దీపస్తంభంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసినవాడు.
పాత దినచర్య పుస్తకం తెచ్చాడు,
పంతొమ్మిది గంటలు మంచు వదలని
ఒక ఫిబ్రవరి రాత్రి దగ్గర వేలు పెట్టాడు.
ఆ అంకెలన్నీ ఎక్కించి మీట నొక్కాను.
పదకొండు మిల్లీసెకన్లు. పచ్చ టిక్కు.

"అయిపోయిందా?"
"అయిపోయింది."
"పంతొమ్మిది గంటలూ?"

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పుస్తకం తనవైపు తిప్పుకుని
మూడింటికీ నాలుగింటికీ మధ్య వరసలు చూపించాడు.
ముత్యాల్లాంటి అక్షరాలు. మోగింది, మోగింది, మోగింది.
"ఇవి పొద్దున రాసినవి," అన్నాడు.
"నన్ను లేపింది బూర చప్పుడు కాదమ్మా,
అది ఆగిపోవడం.
కంప్రెసరు బెల్టు జారింది. ఎంతసేపైందో
ఇప్పటికీ నాకు తెలీదు.
ఆ వేళకి పడవలేమీ లేవనే అనుకుంటాను."

నేను కొత్త పరీక్ష ఒకటి తెరిచాను.
బూర మోగిందని తిరుగు కబురు రాకపోతే
నలభై ఐదో సెకనుకి రెండో బూర లేవాలి.
కాలాన్ని నలభై ఐదు జరిపాను.
లేవలేదు. ఎరుపు.
ఇంకో గంట జరిపాను. ఎరుపే.
వెతగ్గా వెతగ్గా దొరికింది, మూడో ఫైలులో.
గుమాస్తా పేరు చెప్పడం మరిచిన ఒక్క వరస
మన మనిషిని లెక్కచేయకుండా
వసారాలోని అసలాయన వైపే చూస్తూ కూర్చుంది.
దాని తల ఇటు తిప్పాను. పచ్చబడింది.

చివర్లో చేయాల్సింది ఎప్పుడూ ఒకటే:
అసలాయన్ని లోపలికి పిలిచి కుర్చీ ఇచ్చేయడం.
మరిచిపోతే పక్క పరీక్ష
రాని వేళ కోసం కూర్చునే ఉంటుంది.

పరీక్షకి పేరు పెట్టాలి కదా, పెట్టాను:
'కాపలాదారు కునుకు తీసినప్పుడు.'
ఐలిఫ్ కళ్ళజోడు పైకి నెట్టుకుని
తెరకి దగ్గరగా వంగి చదివాడు.

"కునుకు కాదు," అన్నాడు. "నిద్ర.
నిద్ర అని రాయి."