కట్ట లెక్క

కోరుట్ల బస్టాండుల దిగంగనే అడిగింది
మక్కకంకులు కాల్చే సాయవ్వ:
"ఎక్కినవా బిడ్డా?"
ఎక్కలే.
జెండా బ్యాగులనే ఉన్నది. మడత ఇప్పలే.

లడాఖ్‌ల, ఐదువేల తొమ్మిదొందల మీటర్ల కాడ
రాత్రి రెండు దాటింది.
సీసల నీళ్ళు గడ్డకట్టి
ఊపితే గులకరాయి లెక్క మోగినయ్.
తలలైటు ఎలుగుల నా బూటు, ముందటి బూటు జాడ,
గంతే లోకం.
ఒక్క అడుగు. మూడు ఊపిర్లు.
ఒక్క అడుగు. నాలుగు.
"వంద లెక్కవెట్టి ఆగు" అన్నడు స్తాంజిన్.
నాకు వందలు రాలే.
ఇరవై ఐదు అడుగులేసి ఆగిన,
దారం చుట్టి పక్కకు పెట్టినట్టు.
మళ్ళ ఇరవై ఐదు. ఇంకో కట్ట.

నేను లెక్క నేర్సుకున్నదే గట్ల
అమ్మ ఒళ్ళెని చాట అంచు పట్టుకొని,
తునికాకు వాసనల,
ఆకు కత్తిరిచ్చే రేకును చల్లగ చెంపకు ఆనిచ్చుకొని.
నలభై కట్టలైతే వెయ్యి.
వెయ్యైతే పొద్దుగూకుతది.

పదకొండో కట్ట కాడ
నా ఊపిరి చప్పుడు నాకే ఇనవడ్డది.
సన్నగ, పిల్లి గురక లెక్క, లోపల ఎవరో గోకినట్టు.
ఇది నాది కాదు.
కానీ నాకెరుకే ఈ చప్పుడు.
అర్ధరాత్రి మా ఇంట్ల
గోడకు దిండేసుకొని కూసున్న అమ్మది.
ముప్పై ఏండ్లు తంబాకు దుమ్ము తాగిన రొమ్ముది.
మూడొందల మీటర్ల ఎత్తు లేని ఊళ్ళె
ఆమె గింత ఎత్తుల బతుకుతున్నదా?
తాడు లేకుంట,
కిందికి దిగే క్యాంపు లేకుంట?

ఏడ్వలే.
ఏడిస్తే రెప్పలు గడ్డకడ్తయని ముందే చెప్పిన్రు.

పద్నాలుగో కట్ట నడుమ
జంగుబాయి కూలవడ్డది.
ఉట్నూరు పిల్ల. నా తాడుకు అవతలి కొస.
గోండుల ఏదో అంటున్నది,
స్తాంజిన్‌కు తెల్వదు, నాకు తెల్వదు.
ఉడుకపోస్తున్నట్టు చేతితొడుగులు గుంజేస్తున్నది
ఆ చలిల.
శిఖరం కండ్ల ముందటనే ఉన్నది,
మా బడి ఎన్కాల గుట్టంత.
సీతాఫలాల కోసం చెప్పులు లేకుంట ఉరికి ఎక్కేటంత.
స్తాంజిన్ నా మొఖం చూసిండు.
నేను తాడు చూసిన.
తొడుగులు మళ్ళ తొడిగి, ఆమె చేతులు నా సంకల పెట్టుకొని
మర్లినం.

ఇంట్ల అమ్మ ఎక్కినవా అని అడగలే.
"ఎంతల ఆగినవ్?" అన్నది, చేతులు ఆపకుంట.
"ఆరు కట్టలు తక్కువ."
జర సేపు ఆలోచించింది, నిజంగనే ఆలోచించింది.
"తక్కువైతే రేపటి లెక్కల కలుపుకుంటరు" అన్నది,
"ఆ ఉట్నూరు పిల్ల అన్నం తింటున్నదా?"

తింటున్నదే.

దగ్గు వచ్చింది. ఆగింది. మళ్ళ వచ్చింది.
నేను చాట దగ్గరికి గుంజుకున్న.
చూపుడువేలు కొస ఇంకా నల్లగనే ఉన్నది,
నానవెట్టిన ఆకు తగిలితే
సుర్రుమంటది.