అరసున్న

నలభై ఏడేళ్ళకి మళ్ళీ అక్షరాలు దిద్దుతున్నాను.
లూయిస్టన్ లైబ్రరీ మేడ మీద, మంగళవారాలు,
నైట్ డ్యూటీకి ముందు గంటన్నర.
సంచిలో ఉప్మా డబ్బా, దాని కింద పదాల పుస్తకం.
పక్క కుర్చీలో రిటైరైన బస్సు డ్రైవరు,
ఎదురుగా పెళ్ళి కోసం నేర్చుకుంటున్న కుర్రాడు.
"మీరెందుకు?" అని టీచరమ్మ అడిగితే
"పదకొండో నంబరు గది" అన్నాను.
ఎవరికీ అర్థం కాలేదు.

పదకొండో గదిలో రోజాల్మా ఊలెట్ గారికి
పోయిన చలికాలం ఇంగ్లీషు పోయింది.
పళ్ళ సెట్టు ఎక్కడో పెట్టి మరిచినట్టు
ఒక పొద్దున చూసుకుంటే లేదు.
మిగిలింది వాళ్ళమ్మ మాట ఒక్కటే.
చిన్నప్పుడు బడిలో ఆ మాట నోరు జారితే
వేళ్ళ మీద స్కేలు పడేదట. కూతురు చెప్పింది.
తనకి ఫ్రెంచి రాదని కూడా చెప్పింది,
కారు తాళాలు చేతిలో తిప్పుతూ.

అందుకని నేను.

వయసొచ్చాక నాలుక మహా బద్ధకస్తురాలు.
రాసిన అక్షరాల్లో సగం పలకరు,
పెళ్ళికి పిలిచి వడ్డించనట్టు
పదం చివర వరసగా కూర్చోబెడతారు.
కుర్చీ ఆడది, మంచం మగది, జ్వరం ఆడది.
మనకైతే అన్నీ 'అది'యే, ఆ మాటకొస్తే ఆడవాళ్ళమూ.
'ర' గొంతులో చేపముల్లు దిగిన చోట పుట్టాలట.
మనకి చలి వేస్తుంది. వీళ్ళకి చలి ఉంటుంది,
ఇల్లూ పొలమూ ఉన్నట్టు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా పట్టుబడింది.
సగం ముక్కులో ఆగి, సగం నోట్లో కరిగే ఆ చప్పుడు.
ఏడో తరగతిలో తెలుగు మాస్టారు
పద్యంలో గోటి గాటులా ఉన్న అరసున్న చూపించి
"దీన్ని పలకడం మరిచిపోయాంరా" అన్నారు.
మాస్టారూ, ఇది ఇక్కడ ఇంకా వాడుకలోనే ఉందండీ.

క్లాసులో చలి 'ఫ్ర్వా'.
రోజాల్మా గారు దుప్పటి లాక్కుని 'ఫ్రెత్' అంటారు.
దిద్దబోయాను. వేలి మీద ఒక్కటి వేశారు,
స్కేలు లేదు కాబట్టి చెంచాతో.
పలాస నుంచి విశాఖ వెళ్ళిన మొదటి వారం
నా యాసకి హాస్టలంతా నవ్వింది, గుర్తుంది నాకు.
అప్పట్నుంచి రెండు నోటుబుక్కులు:
మంగళవారానిది ఒకటి, పదకొండో గదిది ఒకటి.
రెండోదే లావవుతోంది.

వయసెంత అంటే, నాలుగిరవైల పన్నెండు.
మా మేనత్త జీడిగింజలు ఇలాగే లెక్కపెట్టేది,
ఇరవై ఇరవైలుగా కుప్పలు పోసి.

నిన్న రాత్రి రెండున్నరకి బీపీ చూస్తుంటే
నా చెయ్యి పట్టుకుని అడిగారు:
"ఫీయ్ ఆ కీ?"
పుస్తకంలో లేదు. విడదీసి చూశాను.
అమ్మాయి. ఎవరికి?
ఓలమ్మా, ఎవులి తాలూకు అంటోంది!
ఇరవై ఏళ్ళైంది, ఎవరైనా నన్నా మాట అడిగి.

మా అమ్మ గురించి చెప్పాలంటే భూతకాలం కావాలి.
అది తొమ్మిదో పాఠం, ఇంకా రాలేదు.
వర్తమానంలోనే చెప్పేశాను:
మా అమ్మ పేరు సూరీడమ్మ.
జీడిపప్పు కొడుతుంది. బాగా నవ్వుతుంది.

ఆవిడ కాసేపు పైకప్పుకేసి చూసి
ఆఁ, వాళ్ళా, అన్నట్టు తలూపారు.
మిల్లు వెనక సందు, మూడో అంతస్తు అని
ఇంకా చాలా చెప్పారు.
సగం అందలేదు.
పట్టీలోంచి గాలి దిగింది.
అంకె రాసుకున్నాను.