ఎడమ సీటు

గ్వెనో నడుపుతుంది, నేను చదువుతాను.
పదకొండేళ్ళుగా ఇదే ఒప్పందం.
ఆమె గొర్రెల డాక్టరు. నాది బాలా ఊళ్ళో మందుల షాపు.
సెప్టెంబరు వెళ్ళగానే ఇద్దరం
అరవై నాలుగు నాటి సన్‌బీమ్‌కి ఊడిగం మొదలెడతాం.

కారుతో పేచీ లేదు.
దప్పికైతే ఆవిరి కక్కుతుంది, బెల్టు వదులైతే కీచుమంటుంది,
దాని కడుపులో దాపరికం లేదు.
కష్టమంతా మూడో రాత్రిది.

ఫ్లాస్కులో చల్లారిన సూపు,
మోకాళ్ళ మీద వణికే మ్యాపు,
బఠాణీ గింజంత దీపం.
తల దించి చదవాలి. వాంతి మింగి చదవాలి.
దారిని చూడటం నా పని కాదు.
చూస్తే భయం, భయపడితే లెక్క తప్పు.
బియ్యంలో మట్టిగడ్డలేరినట్టు
సెకన్లు ఏరుతూ కూర్చోవాలి.
ఆలస్యమైతే జరిమానా,
తొందరపడినా జరిమానాయే.
ఎవరన్నారో మరి, ఇది వేగం పోటీ అని.

పోయినేడు ఆల్ప్స్‌లో, తెల్లవారుజామున నాలుగింటికి,
మంచు అద్దాన్ని నాకుతుండగా
నా ఇంగ్లీషు అయిపోయింది.
పెట్రోలు అయిపోయినట్టే, చడీచప్పుడు లేకుండా.
"ఎడమ. నూట ఇరవై. మళ్ళీ ఎడమ. ఇరుకు వంతెన."
అన్నాక గానీ తెలియలేదు
ఏ భాషలో అన్నానో.

కారు ఎడమకి తిరిగింది.
మళ్ళీ ఎడమకి.
వంతెన గోడలు రెండూ
మా భుజాలు రాసుకుంటూ వెనక్కి పోయాయి.

టైము కార్డు మీద ముద్ర పడ్డాక అడిగాను,
ఎలా అర్థమైందని.
చేతి తొడుగులు పిండుకుంటూ అంది:
"లెఫ్ట్ అనే ముందు ఎప్పుడూ అదేదో గొణుగుతావుగా.
లెఫ్ట్ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.
నేను వినేది ఆ గొణుగుడే,
మొదటి ఏడాది నుంచీ."

ఈ రాత్రి బాలా పైన కొండదారిలో ప్రాక్టీసు.
వాన. హెడ్‌లైట్లలో గొర్రెల కళ్ళు
పచ్చగా వెలిగి, విసుగ్గా ఆరిపోతున్నాయి.
ఆమె కుడికంటికి నీటికాసులు.
చుక్కల సీసా నెలనెలా నా చేతి మీదుగానే వెళ్తోంది.
ఆ సంగతి మేం మాట్లాడం.
రోడ్డుబుక్కులో దానికి గుర్తు లేదు.

గేటు, పశువుల జాలీ, దిగుడు.
పేజీ తిప్పుతాను.
"కుడి" అంటాను,
పోయినేటి కంటే
ఒక్క ఊపిరి ముందుగా.