పిడి లేని తలుపు

బుధవారం ఎడ్ల సంత.
తెల్లారకముందే మా ఆసుపత్రి గోడ పక్కన
మూపురాల వరస.
దుమ్మూ, పేడ వాసనా, బేరాల గొంతులూ
కిటికీ తెర దాటి లోపలికొస్తాయి.
నా బల్ల దగ్గర మాత్రం చప్పుడుండదు.
గీమ్సా సీసా,
ఎన్నేళ్ళు కడిగినా ఊదారంగు వదలని
నా చూపుడువేలు.

ఆ పిల్లాడి పేరు మహతుకి. పదకొండేళ్ళు.
దక్షిణాన్నుంచి పెదనాన్నతో
నలభై ఎడ్లను తోలుకుంటూ
పంతొమ్మిది రోజులు నడిచొచ్చాడు.
రోజు విడిచి రోజు, సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి
వణుకు పుడుతుందట.
"ఎద్దులకన్నా దీనికే వేళ బాగా తెలుసు"
అన్నాడు పెదనాన్న.

పరీక్ష పట్టీ మీద ఒకటే గీత.
అంటే ఏమీ లేదని.
మా పట్టీ ఒక్క జాతినే గుర్తుపడుతుంది,
పోలీసు ఒకే దొంగ ఫోటో పట్టుకుని
ఊరంతా తిరిగినట్టు.

గాజుపలక మీద చుక్క ఆరింది.
నూనె బొట్టు వేసి కన్ను ఆనించాను.
వంద గళ్ళు, ఖాళీ.
నూట నలభై, ఖాళీ.
నూట అరవై రెండో గడిలో
పక్కవాటికన్నా ఉబ్బిన ఒక ఎర్రకణం,
ఒళ్ళంతా గులాబీ నలుసులు చల్లుకుని,
లోపల సాగి చిరిగిన ఉంగరంలా
వైవాక్స్.

పెదనాన్నని చూశాను, పిల్లాణ్ణి చూశాను.
మళ్ళీ కన్ను ఆనించాను.
అది అక్కడే ఉంది.

మాకు పాఠం చెప్పినాయన
సుద్దముక్క విరిగేలా బోర్డు మీద రాసేవాడు:
డఫీ లేని రక్తంలోకి వైవాక్స్ రాదు.
"తలుపుకి పిడే లేకపోతే
దొంగ దేన్ని పట్టుకుని లాగుతాడు?"
మేమంతా నవ్వాం.
పరీక్షలో అదే రాశాం. మార్కులు పడ్డాయి.

మా దీవికి ఒక తాత తూర్పునుంచి
పడవలో వరి విత్తనం తెచ్చాడు.
ఒక అవ్వ పడమటి గట్టునుంచి
పశువుల్ని పిలిచే మాటలు తెచ్చింది.
అందుకే ఒకే కడుపున పుట్టినా
ఒకరి తలుపుకి పిడి ఉంటుంది, ఒకరికి ఉండదు.
మొహం చూస్తే తెలియదు.

ఆరేళ్ళ కిందట సర్వే వచ్చినప్పుడు
మా ఇంట్లో అందరి వేళ్ళూ నేనే గుచ్చాను.
నాకు ఉంది. మా చెల్లెలు ఉంజకి లేదు.
"అదృష్టవంతురాలివే" అన్నాను.
ఆ తర్వాత ప్రతి వానాకాలం
అది కంబళి కప్పుకుని వచ్చి
"అక్కా, ఒళ్ళు కాలిపోతోంది" అంటే
"అలసట. నీళ్ళు తాగు" అన్నాను.
ఎన్నిసార్లు అన్నానో లెక్క రాసుకోలేదు.

మహతుకికి మాత్రలిచ్చాను.
నెత్తుటిలో తిరిగేవాటికి ఇవి,
కాలేయంలో మునగదీసుకుని పడుకున్నవాటికి అవి,
అవి పద్నాలుగు రోజులు మానకుండా మింగాలి.
పెదనాన్న వేళ్ళు లెక్కపెట్టాడు:
"తిరుగుదారి పంతొమ్మిది రోజులు. సరిపోతుంది."

వడపోత కాగితం మీద ఆరిన చుక్కలు
రాజధానికి పంపాను.
మూడు నెలలకి జవాబొచ్చింది.
పిల్లాడికి డఫీ లేదు.
అతనిలో వైవాక్స్ ఒకటి కాదు, మూడు వంశాలది.
నేను పంపిన తక్కిన పదహారు చుక్కల్లోనూ
ఏ రెండూ ఒక పోలిక కావు.

ఎవడో ఒక్క గడుసు దొంగ
ఒక్క కిటుకు నేర్చుకున్నాడనుకున్నాను.
దొంగ కాదు, సంత.
ఎవరి దారిన వాళ్ళు వచ్చి,
ఎప్పట్నుంచో లోపల బేరాలాడుకుంటున్నారు.
మేమే బయట కూర్చుని
తలుపు మూసుందని రాసుకుంటున్నాం.

సాయంత్రం సూదీ, పలకా జేబులో వేసుకుని వెళ్ళాను.
ఉంజ వీధి మొగలో
గుంతల పెనం మీద బియ్యప్పిండి రొట్టెలు పోస్తోంది.
చెప్పాల్సింది చెప్పాను. సగమే నోరు పెగిలింది.
అది పొయ్యిలో బొగ్గు ఎగదోసింది.
"నాలుగు వానాకాలాలు" అంది.
కాసేపాగి చెయ్యి చాపింది.
"ఎడమచేతి వేలు తీసుకో.
కుడిచేత్తో ఇంకా పిండి పొయ్యాలి."