గీత పడని చెట్టు

జుఫేర్‌ల మా బారుకు కిటికీలు లేవు.
ఉన్న రెండింటికి నల్ల కాగితం అంటించిన్రు.
లోపల మాత్రం అమెరికా.
గోడకు నియాన్ గద్ద, ఒక రెక్క కాలిపోయింది,
దాని దుమ్ము దులుపుడు నా డ్యూటీ.

జులై నాలుగు. కొత్త పెట్టెలు దిగినయ్.
ఈ నెల డబ్బా మీద బీరు పేరు చిన్నగ,
జెండా పెద్దగ.
సజీవన్ సారు బిల్లు చూసి అన్నడు:
"ధర అదే. దేశం ఫ్రీ."

టీవీల ఆ ప్రకటనే, పది నిమిషాలకోసారి:
గోధుమ చేను. ఎర్ర కొట్టం. పాత ట్రక్కు.
యూనిఫాం పిలగాడు గేటు తీస్తడు,
కుక్క ఉరుకుతది.
తండ్రి ఏం మాట్లాడడు,
రెండు డబ్బాలు తెరుస్తడు.
టస్సుమన్న ఆ చప్పుడే వాళ్లింట్ల మాట.

నడిమి స్టూలు మీద డాల్టన్,
ఓడల పైపులు బిగించే పోరడు.
ఇయ్యాల్నే ఇరవై ఒకటి నిండిందట.
పద్దెనిమిదికే తుపాకి చేతికిచ్చిన సర్కారు
సీసాకు ఇంకో మూడేండ్లు ఆగుమన్నది.
దోస్తులు వాణ్ణి నిలవెట్టి పాట పాడిన్రు,
డబ్బా మీది చుక్కలు లెక్కవెట్టుమన్నరు,
మొదటి గుటకకు వాడు మొఖం ముడుసుకుంటే
"ఇగ అమెరికనోనివైనవ్" అని వీపు చరిచిన్రు.

ప్రకటన మళ్లొచ్చింది.
వాని కండ్లల్ల నీళ్లు.
"మీ ఇల్లు గట్లుంటదా?" అనడిగిన, గ్లాసు తుడుసుకుంట.
తల అడ్డంగ ఊపిండు.
వాళ్లది అర్కాన్సాల ఒక ఎండు జిల్లా,
చుక్క అమ్మితే కేసు.
నాయిన చర్చిల పియానో వాయిస్తడు,
బీరు వాసనొస్తే కారు అద్దం ఎక్కిస్తడు.
కుక్క లేదు. చేను లేదు. ట్రక్కు ఉండె, అమ్మిన్రు.
"మరెందుకు ఏడుస్తున్నవ్?"
"తెల్వదు," అన్నడు, "ఇంటికి పోవాలనిపిస్తుంది."

నేనేం నవ్వలే.
ఆరేండ్ల సంది చూస్తున్న ఆ గేటును.
ఒక్కోనాడు కలల అది తీసేది నేనే.

"మీ ఊళ్ల ఏం తాగుతరు?"
"చెట్టు" అన్న.
నా ఇంగ్లీషు తప్పనుకున్నడు.

మేం గౌండ్లోళ్లం.
మా కల్లుకు బోర్డు లేదు, టీవీల కుక్క లేదు.
ఈగలు ముసిరితే తెలిసేది లొట్టి దిగిందని.
చిన్నబాపు మోకు భుజానేసుకొని పోతుంటె
మీదే దేశమని ఎవ్వలడగకపోదురు,
ఏ చెట్టు మీదని అడుగుదురు.
ఒక్క చెట్టు కిందనే
కొందరు ఎడంగ కూసుందురు,
వాళ్ల దొప్పల పైనుంచి వంపుదురు.
అది గుడ యాదికున్నది, మరువలే.
నాకు మూడేండ్లు ఆగుమన్నోళ్లు లేరు,
పుట్టిన ఇరవై ఒకటో నాడే
ఎల్లమ్మకు సాక పోసి
నాలిక మీద ఒక చుక్క వెట్టిన్రట.

రాత్రి రెండింటికి తెల్ల లైట్లేసిన్రు.
మూడొందల పన్నెండు డబ్బాలు
కాలితోటి అణిచి నల్ల సంచుల్ల నింపాలె,
బయట కనవడొద్దు.
చెప్పు కింద చుక్కలు ఒకదాని మీదొకటి మడత వడ్డయ్.
రొవీనా టిప్పులు లెక్కవెడుతున్నది,
డాల్టన్ మూడు దినార్లు వెట్టిపోయిండు,
ముక్కు తుడుసుకున్న కాగితం కింద.

సందు దాటితే పెద్ద హోర్డింగు:
అదే గోధుమ, అదే కొట్టం, అవే అక్షరాలు,
కింద సన్నగ "సున్న శాతం".
మత్తు తీసేసి
మిగిలిన ఇల్లు అమ్ముతున్నరు.

దాని కింద ఖర్జూరం చెట్టు.
మా ఈతకు అక్క వరుస.
ఆరేండ్లాయె, దాని మెడ మీద ఒక్క గీత చూడలే.
దాని ముంగటికి రాంగనే
నా చెయ్యి ఊకె నడుముకు పోతది,
కత్తి వెతుక్కుంటది.
సీసాల మూతలు తీసే ఇనుప ముక్క దొరుకుతది.