పురి

అంబాజీపేటలో, మూతపడ్డ కురిడీ గోదాంలో
మంగళవారం, శుక్రవారం, కరెంటున్నా లేకపోయినా
తుంగ చాపల మీద ఏడుగురం వెల్లకిలా పడుకుంటాం.
గోడలకింకా పాత కొబ్బరి వాసన.

ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక
మేరీ సుగుణమ్మ ఎక్కడో నేర్చుకొచ్చిన విద్య ఇది.
ఒకసారి పేరు చెప్పింది, నా నోట పలకలేదు.
"పేరుతో పనేముంది నూకరత్నం,
ఊపిరి ఎందాకా వెళ్లి వెనక్కొస్తోందో చూడు" అంది.

వెనక్కి రావడం నాకు కొత్తా?
ముప్పయ్యొక్క ఏళ్లు ఒడిలో పీచు కట్టుకుని
రాట్నం దగ్గర్నించి వెనక్కి వెనక్కి నడిచినదాన్ని,
అడుగు వెనక్కి పడితేనే తాడు పొడుగయ్యేది.
నా వెనకేముందో మడమలకి తెలుసు.
ఊపిరి సంగతి ఎవరడిగారు?

మొదటి రోజు నవ్వొచ్చింది.
బిళ్ల వేసుకుంటే సర్దుకునే నడుం నొప్పికి
ఇంత నేల, ఇంత నిశ్శబ్దం దండగ కాదా అని.
పక్కన దింపు తీసే సూరన్న,
చెట్టు మీంచి పడ్డాక మెడ ఒక్క వైపే తిరిగే మనిషి,
అప్పుడే గురక పెట్టాడు.
సుగుణమ్మ లేపలేదు.
"ఇవాళ ఆయన సాధన అదే" అంది.

రెండో వారం, తల బరువు నేలకిచ్చెయ్యమంది.
చేబదులిచ్చాను, చీటీ పాడి మరిదికిచ్చాను,
తల ఇవ్వడం మాత్రం రాలేదు.
ఆమె రెండరచేతులూ కింద పెట్టి
తూకం చూస్తున్నట్టు ఊరికే ఉంది.
లాగలేదు, నొక్కలేదు. చాలాసేపు.
ఆఖరికి మెడే సిగ్గుపడి వదిలేసింది.

మోకాళ్లు మడిచి ఎడమకి ఒరగాలి,
గాలి వదులుతూ కుడికి.
నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా.
"బద్ధకస్తుల్లా చెయ్యండి" అంటుంది,
జన్మలో మాకెవరూ చెప్పని మాట.

అలా ఒరిగినప్పుడు దొరికింది.
కుడి డొక్కలో, కింద నుంచి నాలుగో ఎముక వెనక
లాకు తలుపు దించినట్టు ఊపిరి ఆగే చోటు.
ఇవతల నిండు కాలవ, అవతల ఎండిన బోదె.
ఎప్పుడు దించానో గుర్తు లేదు.
ఏడుస్తానని చూశారేమో అందరూ. ఏడవలేదు.
చెయ్యి వేసి, ఉండు, అన్నాను దానితో.

మా అమ్మగారి ఊరు బోడసకుర్రు రేవులో
పోటెక్కే వేళ నీళ్లనెవరూ తొయ్యరు.
చప్పుడుండదు. చూసేసరికి
కట్టేసిన నావ జానెడు లేచి ఉంటుంది.

పురి ఎక్కువైతే తాడు తనలో తనే మెలిపడుతుంది.
అప్పుడు కొస వదిలేస్తాం.
గిరగిరా తిరిగి, తిరిగి, దానంతటదే ఊరుకుంటుంది.
చేతులకి తెలిసిన ఈ ముక్క
నడుం దాకా చేరడానికి ఇన్నేళ్లు.

నొప్పి పోయిందా అని కోడలడుగుతుంది.
సగం ఉందే అమ్మాయ్,
ఉన్న సగం ఎక్కడుందో తెలుస్తోంది.

నిన్న రాట్నం దగ్గర వెనక్కి నడుస్తూ
పదకొండో అడుగులో ఊపిరి బిగబట్టానని గమనించాను.
వదిలాను.
వేళ్లు కూడా కాస్త వదులయ్యాయి,
తాడు ఆ ఒక్కచోట లావెక్కింది.
మేస్త్రీ తిట్టాడు.
కట్ట కట్టి లారీకెత్తేశారు దాన్ని కూడా.

ఆ లావు చోటు ఏ పడవకి కడతారో,
చీకట్లో ఎవరి వేళ్లకి తగులుతుందో.