పదకొండో గడి

దరఖాస్తు ఫారంలో పదకొండో గడి:
‘ఒరిజినల్ సర్టిఫికెట్లు జతపరచబడినవా?’
అవును. కాదు.
మూడో మాటకి చోటు లేదు.

ఇష్రాక్ నా బల్ల ముందు నిలబడింది,
కూర్చోమన్నా కూర్చోలేదు.
ఫోను తీసి చూపించింది, అద్దం పగిలి ఉంది.
పగుళ్ల కింద మూడేళ్ల చదువు:
నీటిపారుదలలో ఎనభై నాలుగు,
నేలల పరీక్ష దగ్గర చీలిక పడి
ఏడో ఒకటో ఆనలేదు.

అసలు కాగితాలేవమ్మా అంటే
ఖార్తూములో ఆఫీసు తగలబడిందంది.
చలాను పోయిందని చెప్పినంత మామూలుగా అంది.

సూపరింటెండెంటు కామేశంగారు
‘రూలు రూలేనమ్మా’ అంటూ
కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.
ఆయన బాధపడే పద్ధతి అది.

ఇంతలో ఆ పిల్ల తల్లి ఫోను చేసింది,
ఏదో సరిహద్దు పక్క గుడారంలోంచి.
ఆవిడ ఏడుపు తప్ప మాట నాకు అందలేదు.
క్యాంటీన్లో గిన్నెలు తోమే సువార్తమ్మని కేకేశాను.
తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి
అరబ్బీలో ఏదో ఒక్క ముక్క అంది.
అవతల ఏడుపు ఆగింది.

పదహారేళ్లు కువైట్లో
పరాయి వంటింట్లో పట్టుబడిన భాష.
కడుగు, తుడువు, నోర్మూసుకో,
ఇవే ఆవిడ మొదటి పాఠాలు.
అదే భాషలో ఇవాళ
‘పిల్ల నా దగ్గరే ఉందమ్మా’ అంటోంది.

నాకు తొంభై ఆరు గుర్తొచ్చింది.
నవంబరు గాలికి మా పాక లేచిపోయిన రాత్రి
నా టెన్త్ సర్టిఫికెట్టు ట్రంకు పెట్టెతో సహా
ఏ చేలో తేలిందో ఇప్పటికీ తెలీదు.
కూలిన బడి గోడ మీద కూర్చుని
డ్రిల్లు మాస్టారు తెల్లకాగితం మీద రాసిచ్చారు:
‘ఈ అమ్మాయి పాసయింది. నేనెరుగుదును.’
ఆ ముక్క పట్టుకునే ఈ కుర్చీ దాకా వచ్చాను.

మర్నాడు సాయంత్రం లాకుల దగ్గరికి తీసుకెళ్లాం.
కాలవ నిండా జులై ఎర్ర నీళ్లు.
ఇష్రాక్ చెప్పులు విప్పి గట్టు మీద ముప్పై అడుగులు కొలిచింది,
ఎండు కొబ్బరి డొక్క ఒకటి నీళ్లలో వేసింది,
పగిలిన ఫోనులో సెకన్లు లెక్కపెట్టింది.
వెదురు గడతో లోతు చూసింది, మూడు చోట్ల.
అరచేతిలో పెన్నుతో గుణించి
ఘనమీటర్లలో ఒక అంకె చెప్పింది.

లాకు గుమాస్తా దాన్ని క్యూసెక్కుల్లోకి మార్చుకుని
రిజిస్టరు తిప్పి చూసి
‘ఇంచుమించు అంతేనండి, ఆయ్!’ అన్నాడు.
కామేశంగారు ఏమీ అనలేదు.
కళ్లజోడు మాత్రం తియ్యలేదు.

తిరిగొస్తుంటే ఆ పిల్ల ఏదో చెప్పింది.
సువార్తమ్మ తెలుగు చేసింది:
‘ఆళ్లూళ్లో రెండేర్లు వచ్చి ఒకటైపోతాయంటండీ,
ఒకటి తెల్లదంట, ఒకటి నీలంగా ఉంటదంట.’
‘మనది ఒక్కటే, చీలిపోద్దని చెప్పు’ అన్నారు కామేశంగారు.
ఇష్రాక్ నవ్వలేదు.
తర్వాత ఎంచేతో నవ్వింది.

రాత్రి ఫైలు తెరిచి
అవును కొట్టేశాను, కాదు కొట్టేశాను.
గడి ఇరుకు, అక్షరాలు మార్జిన్లోకి ఒరిగిపోయాయి:
‘ఈ అమ్మాయికి వచ్చు. మేమెరుగుదుము.’
కింద ముగ్గురి సంతకాలు.
సువార్తమ్మది వేలిముద్ర,
పక్కన గిన్నెల మసి కొంచెం.

యూనివర్సిటీ నుంచి ఫైలు ఒకసారి తిరిగొచ్చింది.
మళ్లీ పంపాం.
జవాబు ఇంకా లేదు.
హాజరు పట్టీ చివర పెన్సిలుతో ఒక పేరుంది,
లెక్చరరు దాన్ని ఎప్పుడూ సరిగ్గా పలకలేడు.
మొదటి బెంచీలోంచి మాత్రం
రోజూ టంచనుగా వినిపిస్తుంది:
‘ఆయ్.’